కొలనూలు గీసిన నేల



పాలమూరు, నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ ప్రాంతముల సంఘములలో పెరిగిన మీలో అనేకులు హిల్స్‌బరో అను పేరు పెద్దల నోట వినియే యుందురు. మెన్నొనైట్ బ్రదరెన్ విదేశ మిషను బోర్డువారి కార్యాలయము అనేక సంవత్సరములు అక్కడనే యుండెను. మన మిషనెరీ దొరలు పంపిన ఉత్తరములు, నివేదికలు ఆ ఊరికే చేరుచుండెను. అమెరికా అనగానే మన మనస్సులో ఆకాశమునంటు మేడలు మెదలును. గాని హిల్స్‌బరో మహానగరము కాదు. 2020 జనాభా లెక్కలలో అక్కడ ఉన్నవారు 2,732 మంది మాత్రమే. మన పల్లెలలో అనేకము ఇంతకంటె పెద్దవి.

అంత చిన్న ఊరినుండి, దాని చుట్టునున్న మరింత చిన్న ఊళ్లనుండి, సముద్రములు దాటిన సేవ ఎట్లు బయలుదేరెను? ఆ ఊళ్లు ఎట్లు పుట్టెను? వాటిలో ఏది నిలిచెను, ఏది పోయెను? ఈ నెల దీనిని మీతోకూడ ఆలోచింప గోరుచున్నాను. ఆ చరిత్రలో మన పల్లె సంఘములకు ఒక హెచ్చరికయు, ఒక ఆదరణయు ఉన్నవి.

హిల్స్‌బరో ఉన్నది కాన్సాస్ రాష్ట్రములోని మేరియన్ కౌంటీలో. కౌంటీ అనగా మన జిల్లావంటిది. దీని విస్తీర్ణము సుమారు 950 చదరపు మైళ్లు. 2020లో దీని జనసంఖ్య 11,823. మన మండలములు అనేకములలో ఇంతకు మూడు నాలుగింతల జనముందురు. కౌంటీకి ముఖ్యపట్టణము మేరియన్. ఇదిగాక హిల్స్‌బరో, పీబడీ, ఫ్లోరెన్స్, గెస్సెల్, లీహై, డర్హమ్, లింకన్‌విల్, రమోనా, టాంపా, బర్న్స్, లాస్ట్ స్ప్రింగ్స్ అను చిన్న పట్టణములు కలవు. వీటిలో కొన్నిటిని పట్టణములనుట మాటవరసకే. మిగిలిన నేలయంతయు 24 టౌన్‌షిప్పులుగా విభజింపబడియున్నది.

టౌన్‌షిప్ అనగా పట్టణమని తలంచకుడి. అది నేలకొలతకు పెట్టిన పేరు. 1785లో అమెరికా ప్రభుత్వము చేసిన చట్టము ప్రకారము సర్వేయర్లు గొలుసులు పట్టుకొని పడమటి భూములను కొలిచిరి. ప్రతివైపున ఆరేసి మైళ్లుగల చతురస్రమునకు టౌన్‌షిప్ అని పేరు. దానిలో 36 సెక్షన్లు. ఒక్కొక్క సెక్షను ఒక చదరపు మైలు, అనగా 640 ఎకరములు. దానిలో నాలుగవ పాలు 160 ఎకరములు. 1862లో చేసిన చట్టమువలన ఈ 160 ఎకరములను, అయిదేండ్లు అక్కడ కాపురముండి సాగుచేసినవానికి ప్రభుత్వము ఇచ్చెను. కాలక్రమమున ఈ కొలత గళ్లే పరిపాలనకు కూడ ఆధారమాయెను. టౌన్‌షిప్పువారు తమలోనుండి ఒక ట్రస్టీని, ఒక లేఖకుని, ఒక కోశాధికారిని ఎన్నుకొని, బాటలు మొదలైన పనులు చూచుకొనిరి.

ఈ ఏర్పాటులో ఒక విశేషమున్నది. మన పల్లెలో ఇండ్లన్నియు ఒకచోట నుండును, పొలములు చుట్టు నుండును. అక్కడ అట్లు కాదు. ఎవరి 160 ఎకరములలో వారి ఇల్లు. పొరుగింటికి అరమైలో మైలో నడవవలెను. రాత్రివేళ పిలిచినను పలుకువారు లేరు. కొలనూలు నేలను న్యాయముగా పంచెను గాని మనుష్యులను ఒకరినుండి ఒకరిని దూరము చేసెను.

ఆ నేల ఎవరిదని కూడ మనము అడుగవలెను. ఖాళీనేల అని కొలతవారు వ్రాసికొనిరి. గాని ఆ మైదానములలో కాన్సా జనులు, మరికొన్ని ఆదిజాతులవారు తరతరములుగా అడవిదున్నలను వేటాడి బ్రదికిరి. కాన్సాస్ అను పేరే వారి పేరునుండి వచ్చినది. వారికే కా అని మరియొక పేరు. పొరుగుననున్న కౌన్సిల్ గ్రోవ్ వద్ద చివరికి మిగిలియున్న కా జనులను ప్రభుత్వము 1873లో దక్షిణమున ఇండియన్ టెరిటరీకి పంపివేసెను. ఆ మరుసటి యేడే మన కథలోని విశ్వాసులు ఓడలు దిగిరి. వారు ఎవరిని వెళ్లగొట్టలేదు. రైల్వే కంపెనీవద్ద సొమ్ము చెల్లించి కొనిరి. అయినను నాబోతు ద్రాక్షతోటను గూర్చి రాజుల మొదటి గ్రంథము 21వ అధ్యాయములో చదివిన మనము ఈ మాటను దాచిపెట్టి చరిత్ర చెప్పరాదు. ఒకరికి ఆశ్రయమైన నేల మరియొకరు విడిచిపోవలసివచ్చిన నేల. సంఘచరిత్రను ప్రేమించువారు దీనిని కూడ వ్రాసికొనవలెను.

ఇక వచ్చినవారిని గూర్చి చెప్పెదను. వారు మెన్నొనైట్లు. పదునారవ శతాబ్దములో మెన్నో సైమన్స్ అను బోధకుని వెంబడించిన విశ్వాసులు. విశ్వసించి బాప్తిస్మము పొందుట, ఆయుధము పట్టకుండుట వారికి ప్రాణముతో సమానమైన సంగతులు. నెదర్లాండ్సునుండి విస్తులా నదీతీరమునకు, అక్కడనుండి రష్యా రాణి పిలువగా దక్షిణ రష్యాకు పోయి, బీళ్లను పొలములుగా చేసిరి. సైన్యములో చేరనక్కరలేదని రష్యాలో వారికిచ్చిన మాట ఒక శతాబ్దమైన తరువాత సడలెను. 1874లో అందరికి సైనికసేవ విధించు చట్టము వచ్చెను. అంతకు ముందే, 1873లో, పన్నెండుమంది ప్రతినిధులు అమెరికాకు, కెనడాకు పోయి నేలలు చూచి వచ్చిరి. 1874లో కాన్సాస్ శాసనసభవారు ఇట్టివారిని సైనికసేవనుండి మినహాయించిరి. ఆ యేడు మొదలుకొని కొద్ది సంవత్సరములలో సుమారు పదునెనిమిది వేలమంది రష్యా విడిచి ఉత్తర అమెరికా చేరిరి.

రైల్వేవారికి వీరితో పనియేమి? ప్రభుత్వము శాంటా ఫే రైల్వే కంపెనీకి ఇనుపదారి కిరుప్రక్కల ఒక సెక్షను విడిచి ఒక సెక్షను చొప్పున భూమి ఇచ్చియుండెను. ఆ భూమి అమ్ముడుపోవలెను. అక్కడ పంట పండి రైలు ఎక్కవలెను. అందుచేత కంపెనీవారు కష్టపడి సేద్యముచేయు జనమును వెదకిరి. మెన్నొనైట్లకు స్వేచ్ఛ కావలెను. కంపెనీకి సేద్యగాండ్రు కావలెను. లోకము తన లాభము చూచుకొనుచుండగానే దేవుడు తన జనమునకు త్రోవ తెరచుట పరిశుద్ధ గ్రంథములో అనేక పర్యాయములు చూచుచున్నాము గదా.

1874 ఆగష్టులో క్రిమియా ప్రాంతమునుండి జేకబ్ వీబె అను సంఘపెద్ద తన చిన్న మందతో మేరియన్ కౌంటీకి వచ్చెను. ఎత్తైన గడ్డిలో బండి తోలుకొనిపోయి, తాను ముందుగా గురుతు పెట్టిన కొయ్యగూటమువద్ద ఆపెను. ఇక్కడ ఎందుకు ఆపితివని భార్య యడిగెను. మనము కాపురముండవలసినది ఇక్కడనే యని ఆయన చెప్పగా ఆమె ఏడ్వసాగెను. వీబెగారే తరువాత దీనిని జ్ఞాపకము చేసికొనిరి. ఇల్లు లేదు, చెట్టు లేదు, నుయ్యి లేదు. ఆ వేసవిలోనే మిడుతల దండు వచ్చి దేశములోని పచ్చదనమంతయు తినిపోయెను. యోవేలు గ్రంథము మొదటి అధ్యాయము వారి కన్నులయెదుట నెరవేరినట్లుండెను.

ఆ విశ్వాసులు తమ ఊరికి గ్నాదెనౌ అని పేరు పెట్టిరి. కృపగల మైదానమని దాని భావము. కొలనూలు చెప్పినట్లు చెదరియుండుటకు వారు ఒప్పుకొనలేదు. రష్యాలోవలె ఒక పొడుగాటి వీథి వేసి, దాని వెంబడి ఇండ్లు కట్టి, పొలములను పొడుగుపాటి మళ్లుగా పంచుకొని, మధ్యను బడి పెట్టుకొనిరి. కొందరు మొదట గడ్డి గుడిసెలలో నుండిరి, కొందరు పచ్చి ఇటుకలతో గోడలు లేపిరి. అట్టి పచ్చి ఇటుకల ఇల్లొకటి, 1876లో పొరుగు గ్రామమున కట్టినది, హిల్స్‌బరోలో భద్రపరచి చూపుచున్నారు. వంటచెరకు లేనందున గడ్డినిచుట్టి పొయ్యిలో పెట్టిరి. మనవలెనే పేడను ఎండబెట్టి కాల్చుకొనిరి. కళ్లములో గాడులు చెక్కిన రాతి గుండును గుఱ్ఱములచేత లాగించి గోధుమలు నూర్చిరి. మన రైతు ఎవడైనను ఆ కళ్లమునొద్ద నిలిచినయెడల పని తెలియక తబ్బిబ్బుపడడు.

అదే యేడు అలెగ్జాండర్‌వోల్ అను గ్రామమునుండి జేకబ్ బుల్లర్ అను సంఘపెద్ద నాయకత్వమున ఒక సంఘము దాదాపు మొత్తముగా కదలి వచ్చెను. సుమారు ఎనిమిది వందలమంది రెండు ఓడలలో సముద్రము దాటిరి. నేడు గెస్సెల్ అనబడు ఊరిదగ్గర రైల్వేవారు వారికి పొడవైన కొట్టములు వేయించిరి. తొలి చలికాలము కుటుంబములన్నియు ఆ కొట్టములలో ప్రక్కప్రక్కనే గడిపెను. పిమ్మట హోక్‌ఫెల్డ్, గ్నాదెంతాల్, ఎమ్మెంతాల్ మొదలైన చిన్న గ్రామములు వేసికొనిరి. వారు తమతో తెచ్చుకొనిన వస్తువులలో రెండు ముఖ్యమైనవి. మొదటిది గోధుమవిత్తనము. టర్కీ రెడ్ అను ఆ ఎఱ్ఱ గోధుమను శరత్కాలమున విత్తుదురు, చలిలో నిలిచి, మండుటెండలు ముదరకముందే జూను మాసపు వేళకు కోతకు వచ్చును. కాన్సాస్ గోధుమల రాష్ట్రముగా పేరొందుటకు ఇది ఒక గొప్ప కారణమాయెను. రెండవది సంఘపు పుస్తకము. విస్తులా తీరమున తమ పితరుల పేరులు, పెండ్లిండ్లు, బాప్తిస్మములు, మరణములు వ్రాసిన ఆ పుస్తకము రష్యాకు పోయెను, రష్యానుండి కాన్సాస్‌కు వచ్చెను. ఒక పుస్తకము శరీరమునకు అన్నము, ఒక విత్తనము ఆత్మకు జ్ఞాపకము కాజాలవు. రెండును కావలెనని వారెరిగిరి.

ఇప్పుడు ఆ గ్రామములు ఏమైనవో వినుడి. గ్నాదెనౌ వీథి చాలకాలము నిలువలేదు. ఎందుకనగా దేశపు చట్టము వీథిని ఎరుగదు, సెక్షనునే ఎరుగును. ఒకని పేర పట్టాగల నేలలో మరియొకని ఇల్లు, ఇంకొకని పొలము. పన్ను ఎవరు కట్టవలెను? తండ్రి పోయిన తరువాత పిల్లలకు ఏది చెందవలెను? ఈ చిక్కులు పెరుగగా కుటుంబములు ఒక్కొక్కటిగా ఇండ్లు విప్పుకొని తమ తమ పట్టా భూములకు పోయెను. నేడు ఆ వీథియున్న చోట పొలములున్నవి. తక్కిన గ్రామములును కొంచెము ముందు వెనుకగా ఇట్లే చెదరిపోయెను. కొలనూలే గెలిచెను.

అయితే సంఘము చెదరలేదు. ఇదియే నేను మీకు చెప్పగోరు ముఖ్యమైన మాట. వీథి పోయిన తరువాత ఆదివారపు ఆరాధనయే వారి వీథియాయెను. మైళ్లకొలది దూరమునుండి బండ్లు కట్టుకొని ఒక్కచోట చేరిరి. రోగియెవరో, విధవ ఎవరో, అప్పులలో మునిగినవాడెవరో అక్కడ తెలియును, అక్కడనే సహాయము కూడును. 1886లో కట్టిన అలెగ్జాండర్‌వోల్ ఆరాధనమందిరము, తరువాత మార్పులు పొందినదై, నేటికిని పొలములమధ్య నిలిచియున్నది. 1899లో ఆ పల్లెరైతులే గెస్సెల్‌లో బేతెస్ద అను ఆసుపత్రి తెరచిరి. 1908లో హిల్స్‌బరోలో టేబర్ కళాశాల స్థాపింపబడెను.

గెస్సెల్ అను పేరు కూడ ఒక జ్ఞాపకమే. 1895లో ఎల్బె అను ఓడ ఉత్తర సముద్రములో మునిగి మూడు వందలకు పైగా చనిపోయిరి. కప్తాను ఫాన్ గెస్సెల్ ఓడను విడువక దానితోకూడ మునిగెను. ఆ కప్తాను పేరే ఈ ఊరికి పెట్టిరి. సముద్రమునకు వందల మైళ్ల దూరముననున్న గోధుమపొలముల ఊరికి ఒక ఓడనాయకుని పేరు! ఓడలమీద వచ్చిన జనము నమ్మకమైన నాయకుని మరువలేదు.

ఆ కౌంటీలో మెన్నొనైట్లే కాదు, ఇతరులును కలరు. పిల్సెన్ అను కుగ్రామమున బొహీమియానుండి వచ్చిన రోమను కతోలికులు కాపురముండిరి. దాని సమీపమున 1916లో ఒక రైతు ఇంట పుట్టిన ఎమిల్ కపౌన్ అను గురువు కొరియా యుద్ధములో బందీయై, తోటి ఖైదీలకు ఆహారము సంపాదించి యిచ్చుచు, రోగులను మోయుచు, 1951లో బందీగృహముననే మరణించెను. మనము కతోలికులము కాకపోయినను అట్టి ప్రేమను గౌరవింతుము. మెన్నొనైట్లు యుద్ధము చేయకుండుటలో సాక్ష్యమిచ్చిరి, అతడు యుద్ధభూమిలో ఆయుధము లేకుండ సాక్ష్యమిచ్చెను.

సాక్ష్యమునకు వెలయున్నది. 1917లో అమెరికా జర్మనీతో యుద్ధమునకు దిగినప్పుడు, జర్మను భాషలో ఆరాధించు ఈ జనులను పొరుగువారు అనుమానముతో చూచిరి. ఆయుధము పట్టనని చెప్పిన యౌవనులు సైనిక శిబిరములలో అవమానములు పడిరి. ఏ స్వేచ్ఛకొరకు సముద్రము దాటిరో ఆ స్వేచ్ఛనే వారు మరల కన్నీటితో కాపాడుకొనవలసివచ్చెను.

ఇట్టి సంఘములే మనలను జ్ఞాపకము చేసికొనెను. 1889లో రష్యాలోని మెన్నొనైట్ బ్రదరెన్ సంఘములనుండి అబ్రాహాము ఫ్రీసెన్ దొరగారు బయలుదేరి, బాప్తిస్టు మిషనుతో కలిసి నల్గొండలో సేవచేసిరి. 1899లో అమెరికాలోని సంఘములు మిన్నెసోటావారైన ఎన్. ఎన్. హీబర్టు దంపతులను మన దేశమునకు పంపిరి. కాథరీనా షెల్లెన్‌బర్గు అమ్మగారు 1870లో రష్యాలో పుట్టి, చిన్నతనములో తలిదండ్రులతో కాన్సాస్ చేరి, వైద్యవిద్య నేర్చుకొని, 1907లో మనయొద్దకు వచ్చిరి. 1945లో శంషాబాదులోనే కన్నుమూసిరి. కానుక ఇచ్చినవారు ధనవంతులు కారు, పల్లెలలోని గోధుమరైతులు. 1932లో శంషాబాదులో పుట్టిన పాల్ హీబర్టు హిల్స్‌బరోలోని టేబర్ కళాశాలలో చదివి, తరువాత తెలంగాణలోని ఒక గ్రామపు జీవితమును పరిశీలించి "కొండూరు" అను గ్రంథమును 1971లో ప్రకటించిరి. ఆ చిన్న ఊరికిని మన చిన్న ఊళ్లకును ఇంత చుట్టరికమున్నది.

నేడు ఆ కౌంటీ తగ్గిపోవుచున్నది. 1920లో అక్కడ 22,923 మంది ఉండిరి. నూరేండ్లకు అందులో సగము మంది మాత్రమే మిగిలిరి. కరవు కాదు, తెగులు కాదు. యంత్రములు వచ్చెను, పదిమంది చేయు సేద్యమును ఒకడే చేయుచున్నాడు. 1963లో వచ్చిన చట్టముతో పల్లెబడులు కలిసిపోయి పెద్ద బడులాయెను. పిల్లలు చదువుకొని నగరములకు పోవుచున్నారు. కొలనూలు గీసిన చతురస్రములు అట్లే యున్నవి, వాటిలో దీపము వెలుగు ఇండ్లు తగ్గినవి.

చదువరీ, ఈ మాట మీకు క్రొత్తగా తోచుచున్నదా? మీ ఊరి యౌవనులు ఎక్కడ నున్నారు? హైదరాబాదులో, బొంబాయిలో, ఇంకను దూరదేశములలో. పండుగకు వత్తురు, పోవుదురు. ఆదివారము చాపలమీద కూర్చుండువారు ముసలివారు, చిన్నబిడ్డలు. ఈ సంఘమునకు ఇక భవిష్యత్తు ఉన్నదా యని పెద్దలు నాయెదుట నిట్టూర్చుచున్నారు. వారికి నా జవాబు ఇది. గ్నాదెనౌ వీథి పోయినను సంఘము పోలేదు. వీథిని పట్టుకొని వ్రేలాడలేదు గనుకనే వారు నిలిచిరి. ఒకరినొకరు పట్టుకొనిరి.

మన గ్రామములలోను ఒక గీత ఉన్నది. దానిని ఏ సర్వేయరును గీయలేదు. ఊరు ఇటు, వాడ అటు. సువార్త మొదట వాడలో వెలిగినది, దానికి దేవునికి స్తోత్రము. గాని ఆ గీతను మన సంఘములోనికి కూడ తెచ్చుకొని, కులమునుబట్టి, ఇంటిపేరునుబట్టి చాపలు పరచుకొన్నయెడల, మనకు ఆ కొలనూలు చాలును, వేరు శత్రువు అక్కరలేదు. అక్కడ గీతలు దూరము చేసిన మనుష్యులను ఆరాధన దగ్గర చేసెను. ఇక్కడ కూడ దగ్గర చేయవలెను.

చివరకు ఒక పని చెప్పుచున్నాను. మీ సంఘపు పుస్తకము ఎక్కడ ఉన్నది? మీ ఊరిలో మొదట బాప్తిస్మము పొందినవారి పేరులు ఎవరైనను వ్రాసిపెట్టిరా? చెదలు తినుచున్న పెట్టెలో నున్నదేమో వెదకుడి. లేనియెడల ఈ నెలలోనే ఒక గట్టి పుస్తకము కొని, ముసలివారియొద్ద కూర్చుండి, తాతల పేరులు, అమ్మమ్మల పేరులు, వారు విశ్వసించిన సంవత్సరములు, వారిని ఆదరించిన సువార్తికుల పేరులు వ్రాయుడి. నగరములకు పోయిన బిడ్డల పేరులును వ్రాసి, ప్రతి ఆదివారము కొందరి పేరులు చదివి ప్రార్థించుడి. వారు ఎంత దూరముననున్నను ఆ పుస్తకములో మీ ప్రక్కనే యుందురు.

మీకా ప్రవక్త బేత్లెహేమును గూర్చి అయిదవ అధ్యాయములో పలికిన మాట మీకు తెలియును. దేవుడు ఊరి కొలతను జనసంఖ్యతో చూడలేదు. 160 ఎకరముల మధ్య ఒంటరిగా వెలిగిన ఒక దీపమునుండి శంషాబాదులోని రోగి మంచముదాక ఆయన త్రోవ వేసెను. మీ ఊరినుండి ఎక్కడికి త్రోవ వేయునో మనకు తెలియదు. దీపము ఆరకుండ చూచుట మాత్రము మన పని.